బడ్జెట్ సమావేశంలో కళల కోసం మూడు నిమిషాలు మాట్లాడాలి, ఏం చెప్పమంటారు?

తెరవెనుక

అందరికీ నమస్కారం. మా నగరపాలక సంస్థ వచ్చే ఏడాది బడ్జెట్ మీద ప్రజాభిప్రాయ సమావేశం పెడుతోంది. పేరు ఇచ్చినవాళ్ళకి తలా మూడు నిమిషాలు. నాటకాలు వేసే చిన్న బృందాలు, బొమ్మలాటవాళ్ళు, పిల్లలకి సంగీతం నేర్పేవాళ్ళు అందరూ కలిసి ఆ మూడు నిమిషాలూ నా నెత్తిన పెట్టారు. నేను లైట్లు, సెట్లు చూసుకునే మనిషిని. మైకు ముందు నిలబడాలంటే టెన్షన్.

ఒక చిత్తుప్రతి రాశాను. "కళ జాతికి ఊపిరి, కళలు లేని నగరం ఎడారి" అంటూ మొదలవుతుంది. చదివి వినిపిస్తే మావాళ్ళే ఫోన్లు తీసి చూసుకున్నారు. మేం అడగాలనుకుంటున్నవి మాత్రం రెండే: ఏటా కొంత నిధి, రిహార్సల్ చేసుకోవడానికి చోటు. ఎలా అడిగితే వింటారు? ఎదురు ప్రశ్నలు కూడా ఇక్కడే వేసేయండి. అక్కడ మొదటిసారి వినేకంటే నయం.

గుంతలరోడ్డు

అయితే నేనే మొదలెడతాను, ఏమనుకోకండి. వాన పడితే మా వీధిలో మురుగుకాలవ ఇంట్లోకి వస్తుంది. అక్కడ లేని డబ్బు నాటకానికి ఎక్కడిది? చూడాలనుకున్నవాళ్ళు టికెట్ కొనుక్కుంటారు. కొనేవాళ్ళు లేరంటే జనానికి అది అక్కర్లేదనే కదా. సినిమాకి ఎవరిస్తున్నారు గ్రాంటు? బతకడం లేదా?

సంచారి

టికెట్ కొనేవాళ్ళున్నా సరిపోదండీ, చిక్కంతా అక్కడే. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు 1966లోనే దీన్ని విడమరిచి చెప్పారు. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం వస్తే అదే కార్మికుడు రెండింతల సరుకు తీస్తాడు. అతని జీతం పెరిగినా సరుకు ధర పెరగక్కర్లేదు. బీథోవెన్ రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ అనే తీగవాద్యాల రచన వాయించడానికి ఆనాడు నలుగురు కావాలి, ఈనాడూ నలుగురే కావాలి. ముగ్గురితో కానిచ్చేద్దాం, సగం టైములో ముగించేద్దాం అంటే కుదరదు. కానీ ఆ నలుగురూ మిగతా అందరిలాగే పెరిగిన ఇంటద్దె కట్టుకోవాలి. కాబట్టి ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. అదే వేగంతో టికెట్ పెంచితే డబ్బున్నవాళ్ళు తప్ప ఎవరూ రారు. బడి, ఆసుపత్రి కూడా ఇదే బాపతు. అక్కడ ప్రభుత్వం చెయ్యి వేస్తే మనం ఎందుకని అడగం.

సినిమా అంటారా, ఒకసారి తీస్తే వెయ్యి తెరల మీద ఆడుతుంది. నాటకం ప్రతి రాత్రీ మళ్ళీ వేయాలి. అయినా సినిమాకి ఎవరూ ఇవ్వడం లేదనుకోకండి. ఫ్రాన్స్‌లో 1946లో పెట్టిన జాతీయ సినిమా కేంద్రానికి ప్రతి టికెట్ మీదా కొంత పన్ను వెళ్తుంది, ఆ డబ్బు తిరిగి సినిమాలకే ఇస్తారు. హాలీవుడ్ సినిమాకి వెళ్ళినవాడి టికెట్లోంచి కూడా ఫ్రెంచి సినిమాకి వాటా పోతుందన్నమాట.

గుంతలరోడ్డు

ఖర్చు పెరుగుతుందని ఒప్పుకున్నాను. నా ఖర్చూ పెరుగుతోంది, నాకెవరూ ఇవ్వడం లేదు. ఖర్చు ఎందుకు పెరిగిందో చెప్పారు గానీ నేనెందుకు కట్టాలో చెప్పలేదు.

పద్దులపుస్తకం

ఒక నగరపాలక సంస్థ లెక్కల విభాగంలో చేసి రిటైరయ్యాను. గుంతలరోడ్డు గారి ప్రశ్న న్యాయమైనదే. ముందు తెరవెనుక గారికి పనికొచ్చే నాలుగు ముక్కలు.

ఆ సమావేశం నాటికి అంచనాలు చాలావరకు తయారై ఉంటాయి. ఒక్కో విభాగం నుంచి లెక్కలు తెప్పించుకుని, పోయినేటి అంకె పక్కన పెట్టుకుని, కాస్త అటూ ఇటూ చేసి కొత్త అంకె వేస్తారు. మీ ప్రసంగం విని ఎవరో కళ్ళు తుడుచుకుని అక్కడికక్కడే డబ్బు రాసిస్తారనుకోవద్దు. నాలుగు వారాల ముందే ఆర్థిక విభాగంలో ఆ ఫైలు చూసే మనిషినీ, ఒకరిద్దరు సభ్యులనూ కలిసి ఒక పేజీ కాగితం చేతిలో పెట్టండి. సమావేశంలో మీరు మాట్లాడితే, ఆ సభ్యులకి మీ తరఫున నోరు విప్పడానికి ఒక సాకు దొరుకుతుంది. దాని ప్రయోజనం అంతే, కానీ అది చిన్నదేం కాదు.

ఇక అసలు సంగతి. డబ్బు అడక్కండి, పద్దు అడగండి, అంటే బడ్జెట్‌లో మీకంటూ ఒక వరుస. "ప్రత్యేక గ్రాంటు" అని ఒక మొత్తం ఇస్తే అందరూ ఫోటోలు దిగుతారు, మరుసటి ఏడాది దాని ఊసే ఉండదు. అధికారి మారితే మీరు మళ్ళీ మొదటి మెట్టు మీద. అదే రెవెన్యూ ఖర్చుల కింద, అంటే ఏటా జరిగే నిర్వహణ ఖర్చుల కింద, "స్థానిక కళాబృందాలకు సాయం" అని ఒక ఉపపద్దు తెరిపించారనుకోండి, దానికో కోడ్ నంబరు వస్తుంది. నంబరు పడ్డాక మరుసటి ఏడాది గుమాస్తా ఆ వరుసను ఖాళీగా వదలడం అంత తేలిక కాదు. పోయినేటి అంకె చూసి ఏదో ఒకటి వేస్తాడు, సున్నా వేస్తే ఎందుకు వేశావని అడగడానికి మీకు వీలుంటుంది. మొదట ఎంత చిన్న మొత్తమైనా ఫర్వాలేదు. ఆ తర్వాత గొడవ ఎంత ఇవ్వాలన్న దాని మీదే జరుగుతుంది.

ఆడిటోరియం కట్టించమని మాత్రం అడగకండి. కట్టడానికి మూలధన ఖాతాలో, అంటే భవనాల్లాంటివాటికి పెట్టే ఖాతాలో, ఎలాగో డబ్బు దొరుకుతుంది. ఫలకం మీద పేర్లుంటాయి కాబట్టి హుషారూ ఉంటుంది. తర్వాత కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, లైట్లు తగ్గించి పెంచే డిమ్మర్ బోర్డు పాడైతే బాగుచేయించడం, ఇవన్నీ రెవెన్యూ ఖాతాలోంచి రావాలి. అక్కడ ఎవరూ ఇవ్వరు. కొన్నాళ్ళకి అది సభలకీ విందులకీ అద్దెకిచ్చే హాలు అయి కూర్చుంటుంది.

ఇంకొకటి. "ఇది మా పని కాదు" అంటారేమో. మీరే దేశంలో ఉన్నారో చెప్పలేదు. భారత్‌లో అయితే 74వ రాజ్యాంగ సవరణతో 1992లో చేర్చిన 12వ షెడ్యూలు చూపించండి. పురపాలక సంస్థలకి అప్పగించదగ్గ 18 అంశాల్లో రోడ్లు, మంచినీళ్ళతో పాటు 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. చాలామంది సభ్యులే దాన్ని చదివి ఉండరు.

ఆశాజీవి

మాస్టారు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ, కౌన్సిల్‌కి అర్థమయ్యే భాష ఒక్కటే: లాభం. కళల మీద ఒక రూపాయి పెడితే ఊరికి ఇన్ని రూపాయలు తిరిగొస్తాయి, హోటళ్ళు నిండుతాయి, ఉద్యోగాలొస్తాయి అని చెప్పండి. స్పెయిన్‌లో బిల్బావో చూడండి, ఒక్క మ్యూజియంతో ఊరి తలరాత మారిపోయింది.

పద్దులపుస్తకం

వద్దండీ. ఆ అంకె మీద ఆర్థిక అధికారి ఒక్క ప్రశ్న వేస్తే మూడు నిమిషాలూ గాలికి పోతాయి. నాటకానికొచ్చిన కుటుంబం ఆ సాయంత్రం నాటకం లేకపోతే డబ్బు ఇంట్లో దాచుకునేదా? ఇంకెక్కడో ఖర్చు పెట్టేది. అది తీసేసి లెక్క వేయాలి, ఎవరూ వేయరు. క్రీడా స్టేడియాలు కట్టమని వచ్చేవాళ్ళు కూడా అచ్చం ఇలాంటి అంకెలే తెస్తారు, వాళ్ళ అంకె ఎప్పుడూ మీకంటే పెద్దదిగా ఉంటుంది. లాభం తక్కెడలో కూర్చుంటే మిమ్మల్ని లాభంతోనే తూస్తారు.

బిల్బావోలో 1997లో ఆ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచారు, నిజమే. దానికి రెండేళ్ళ ముందే, 1995లో, మెట్రో నడిచింది. నదిని శుభ్రం చేశారు, పాత రేవు ప్రాంతాన్ని మార్చారు. ఒక్క మ్యూజియం ఘనత కాదది. అది నమ్మి భవనం ఒక్కటే కట్టుకున్న ఊళ్ళు చేతులు కాల్చుకున్నాయి.

గుంతలరోడ్డు

హమ్మయ్య, ఈ మాట కళల వైపు మనిషి నోట వినడం ఇదే మొదలు.

కుంచె

గోడల మీద బొమ్మలు వేస్తాను. నాకున్న భయం వేరు. డబ్బు ఇచ్చేవాడు ఏం వేయాలో కూడా చెబుతాడు. ఒకసారి ఒక కార్యాలయం ప్రహరీ మీద, ఆ వీధిని ఊడ్చే ఆడవాళ్ళ ముఖాలు వేశాం. వాళ్ళే వచ్చి చూసుకుని, "నా ముక్కు ఇంత పెద్దదా" అని నవ్వుకున్నారు. ఈలోగా అధికారి మారారు. కొత్తాయనకి నచ్చలేదు, మా బిల్లు రాకముందే సున్నం వేయించేశారు. ఇప్పుడు అక్కడ "ఇక్కడ చెత్త వేయరాదు" అని ఉంది.

అందుకే ఎంత ఇస్తారన్నదానికంటే ఎవరు నిర్ణయిస్తారన్నది ముందు అడగండి. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టినప్పుడు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, ఎవరికివ్వాలో మాత్రం కౌన్సిలే తేల్చుకుంటుంది అనే పద్ధతి పెట్టుకున్నారు. దాని రూపశిల్పి కీన్స్ అంతటి ఆర్థికవేత్త. ఆ పద్ధతి గట్టిగా నిలవకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 1965లో పెట్టిన జాతీయ కళల నిధి, తన డబ్బు వెళ్ళిన కొన్ని ఫోటోలు అభ్యంతరకరమని 1989లో రేగిన గొడవతో ఊగిపోయింది. మరుసటి ఏడాది, గ్రాంటు ఇచ్చేటప్పుడు మర్యాదను కూడా చూడాలనే "మర్యాద" నిబంధన వచ్చింది, దాని మీద కేసు 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నిబంధన నిలిచింది. ఈ మధ్యలో వ్యక్తులకి ఇచ్చే గ్రాంట్లు చాలావరకు ఎత్తేశారు. పోయింది ఎవరికి? ఆ ఫోటోలతో ఏ సంబంధమూ లేనివాళ్ళకి.

పుస్తకాలమూల

కుంచె గారూ, కమిటీ అయినా కమిటీలో ఉండేది మనుషులే. వాళ్ళకి తెలిసినవాళ్ళకే పోతుంది. చిన్న మొత్తాలకి ఐర్లండ్ పద్ధతి ఆలోచించదగ్గది. 2022లో అక్కడ 2,000 మంది కళాకారులకి మూడేళ్ళ పాటు వారానికి 325 యూరోలు ఇచ్చే ప్రయోగం మొదలెట్టారు. దరఖాస్తు పెట్టిన మనిషి నిజంగా ఆ రంగంలో ఉన్నాడా లేదా అన్నది మాత్రమే చూశారు. అర్హులు ఎక్కువైతే లాటరీ. గొప్ప కళ ఏది, చెత్త ఏది అని ఎవరూ తీర్పు చెప్పలేదు.

గుంతలరోడ్డు

లాటరీ అయితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. కనీసం ఎవరి బావమరిదికో పోదు. కానీ ఊరికే ఇస్తూ పోతే ఏమవుతుందో కూడా చెప్పండి. నెదర్లాండ్స్‌లో కళాకారులకి ఆదాయం ఇచ్చి బదులుగా బొమ్మలు తీసుకునే పథకం ఉండేదట. లక్షల్లో పోగుపడి గోడౌన్లు నిండిపోయాయి, ఎవరూ చూసింది లేదు. 1987లో ఎత్తేశారు. (మీ పుణ్యమా అని ఇవన్నీ వెతికి చదువుతున్నాను, మా ఆవిడ ఆశ్చర్యపోతోంది.)

కుంచె

నిజమే, ఆ పథకంలో చిక్కు అదే. చూసేవాళ్ళు ఉన్నారా అని అడక్కుండా వస్తువులు కొన్నారు. అయితే అదే కాలంలో చాలామంది చిత్రకారులు ఇల్లు గడుపుకున్నది దాని మీదేనని కూడా చెప్పాలి. అమెరికాలో మాంద్యం రోజుల్లో, 1935లో మొదలెట్టిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు కూడా కళాకారులకి ఉపాధి పథకమే. తర్వాత పేరుమోసిన చిత్రకారులు జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో అప్పట్లో ఆ జీతాల మీద పనిచేసినవాళ్ళే. అప్పుడు వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

సంచారి

డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే గుంతలరోడ్డు గారి కాలవ డబ్బే లాక్కుంటున్నారని అనుకుంటారు. ఒక్కో ఊరిదీ ఒక్కో దారి.

అమెరికాలో డెన్వర్ చుట్టుపక్కల జిల్లాల్లో 1988లో జనం ఓటేసి అమ్మకపు పన్నులో 0.1 శాతం కళలకీ మ్యూజియాలకీ కేటాయించుకున్నారు. పది డాలర్ల కొనుగోలు మీద ఒక్క సెంటు. అది మొదలైంది కూడా కోతల వల్లే, పెద్ద మ్యూజియాలకి రాష్ట్రం డబ్బు ఆపేసింది. నాకు నచ్చింది ఏమిటంటే పెద్ద సంస్థలకి ఒక వాటా, మధ్యరకానికి ఒకటి, చిన్న బృందాలకి విడిగా ఒకటి పెట్టారు. లేకపోతే జూపార్కూ పెద్ద మ్యూజియమే మొత్తం మింగేసేవి. పన్నుకి గడువుంటుంది, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ ఓటు అడగాలి. 2016లో కూడా జనం సరేనన్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1961 నుంచీ హోటల్ పన్ను డబ్బు కళలకి వెళ్ళేది. తర్వాత ఆ ముడి సడలింది. మళ్ళీ బిగించాలని 2016లో ఓటుకి పెడితే మెజారిటీ వచ్చినా మూడింట రెండు వంతులు రాక ఓడిపోయింది. 2018లో మళ్ళీ పెట్టి గెలిచారు. కట్టేది బయటి నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి ఊళ్ళోవాళ్ళకి నొప్పి తక్కువ.

చేయకూడనిది అమెరికాలోనే పోర్ట్‌లండ్ చేసింది. 2012లో బాగా పేద కుటుంబాలను వదిలి, ఆదాయం ఉన్న పెద్దల మీద తలకి 35 డాలర్లు వేశారు. డబ్బు ముందు బళ్ళలో సంగీతం, చిత్రలేఖనం టీచర్లకి, మిగిలింది కళాసంస్థలకి వెళ్తుంది, ఉద్దేశం బంగారం. కానీ కోటీశ్వరుడికీ చిన్న జీతగాడికీ ఒకే మొత్తం. కట్టనివాళ్ళు ఎందరో, వసూలు చేయడమే ఒక తలనొప్పి. కళ అంటే జనానికి ఆ నోటీసు గుర్తొచ్చేలా చేసుకున్నారు.

కొత్త పన్ను వద్దనుకుంటే ఫిలడెల్ఫియా దారి ఉంది. 1959 నుంచి అక్కడ పునర్నిర్మాణ ప్రాజెక్టుల ఖర్చులో 1 శాతం కళాకృతులకి పెట్టాలని నియమం. తర్వాత చాలా ఊళ్ళు అనుసరించాయి. అయితే అది శిల్పాలకీ గోడ బొమ్మలకీ పనికొస్తుంది గానీ నాటకానికీ సంగీతానికీ రాదు.

తెరవెనుక

ఇన్ని వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. చదువుతుంటే మాకు కావలసింది నాకే ఇంకాస్త స్పష్టమైంది.

మా రిహార్సల్ ఎలా జరుగుతుందో చెబుతాను. నేల మీద రంగు టేపుతో గీతలు అంటిస్తాం. పచ్చ టేపు గోడ, ఎర్ర టేపు తలుపు, పసుపుది మంచం. నటుడు ఎర్ర గీత దాటకుండా గోడలోంచి నడిచొస్తే అరుస్తాను. గంటన్నర అయ్యేసరికి హాలు వేరేవాళ్ళకిచ్చారని వాచ్‌మన్ వస్తాడు. టేపంతా పీకేయాలి. మర్నాడు ఇంకో చోట, ఇంకో కొలత గది. మళ్ళీ కొలిచి అంటించడానికే నలభై నిమిషాలు. మంచం ఒక అడుగు జరిగితే నటుడి నడక మారుతుంది, దాంతో నా లైటు మారుతుంది. మా ఖర్చులో పెద్ద భాగం గంటల అద్దె, మా టైములో పెద్ద భాగం ఆ టేపు.

అదే ఊళ్ళో సాయంత్రం ఐదు దాటాక తాళం వేసి ఉండే ప్రభుత్వ గదులు ఎన్ని! బడి హాళ్ళు, సామాజిక భవనాలు. అవి తెరవడానికి ఒక మనిషి ఓవర్‌టైమ్, కరెంటు, శుభ్రం చేయించే ఖర్చు, ఒక బుకింగ్ రిజిస్టరు చాలు. పద్దులపుస్తకం గారు చెప్పిన ఉపపద్దులో ముందు ఇది అడిగితే?

గుంతలరోడ్డు

దీనికి నేనూ ఒప్పుకుంటాను. ఆ గదులు నా పన్నుతోనే కట్టారు. ఖాళీగా పెట్టి తాళం వేసుకోవడం కంటే ఇదే నయం.

కుంచె

నాకు నచ్చలేదు. గది ఇచ్చి చేతులు దులుపుకుంటారు. "మీకు సాయం చేశాం కదా" అని పదేళ్ళు అదే చెబుతారు. వాచ్‌మన్‌కి ఓవర్‌టైమ్ ఇస్తాం, ఎలక్ట్రీషియన్‌కి కూలీ ఇస్తాం, నటుడు మాత్రం అభిమానంతో చేయాలి. మనమే అలా అడిగితే ఇక వాళ్ళెందుకు ఇస్తారు? ప్రదర్శనకి పారితోషికం అనే మాట ఆ కాగితంలో ఉండి తీరాలి.

పద్దులపుస్తకం

కుంచె గారి మాట నిజం. ఒకే ఉపపద్దు కింద రెండు వరుసలు పెట్టండి: ఒకటి గదుల నిర్వహణ, రెండోది ప్రదర్శన పారితోషికాలు. రెండోదానికి మొదటి ఏడాది నామమాత్రంగా వేసినా ఒప్పుకోండి, వరుస మాత్రం ఉండాలి. ఒక హెచ్చరిక, ఇచ్చిన డబ్బు ఆర్థిక సంవత్సరం లోపల ఖర్చు కాకపోతే మురిగిపోతుంది, పైగా "వీళ్ళకి అక్కర్లేదు" అని మరుసటి ఏడాది తగ్గిస్తారు. దరఖాస్తు ఫారం ఒక పేజీ దాటకూడదని కూడా అడగండి. ఇద్దరు మనుషుల బొమ్మలాట బృందాన్ని మూడేళ్ళ ఆడిట్ రిపోర్టు అడిగితే వాళ్ళు ఫారం దగ్గరే ఆగిపోతారు.

సంచారి

పద్దు ఉంటే చాలనుకోకండి. బెర్లిన్ అంతటి ఊళ్ళో 2024 చివర్లో మరుసటి ఏడాది సంస్కృతి బడ్జెట్‌లో సుమారు 130 మిలియన్ యూరోలు కోసేశారు. అప్పటికే థియేటర్లు వచ్చే సీజన్‌కి ఒప్పందాలు చేసుకుని ఉన్నాయి.

పద్దులపుస్తకం

కోశారని వేలమంది రోడ్డెక్కగలిగారంటే కోయడానికి అక్కడ ఒక అంకె ఉంది కాబట్టే. మనకి ముందు ఆ అంకె రానివ్వండి.

తెరవెనుక

రెండో చిత్తుప్రతి:

"సభ్యులకి నమస్కారం. నేను నాటకాలకి లైట్లు వేస్తాను. కాలవలకీ రోడ్లకీ పెట్టే డబ్బులోంచి మాకు ఇమ్మని అడగడానికి రాలేదు. ఊళ్ళో ప్రజల డబ్బుతో కట్టిన గదులు సాయంత్రం అయిదు తర్వాత తాళం వేసి ఉంటున్నాయి. వాటిని మాకూ, పిల్లలకి పాట నేర్పేవాళ్ళకీ, ఎవరికైనా సరే, రాత్రి తొమ్మిదిదాకా తెరవండి. దానికయ్యే ఖర్చు జాబితా మీ చేతిలో ఉన్న కాగితంలో ఉంది. రెవెన్యూ ఖాతాలో ఒక ఉపపద్దు తెరవండి. అందులో ఒక వరుస గదుల నిర్వహణకి, ఒక వరుస ప్రదర్శన పారితోషికాలకి. డబ్బు ఎవరికి వెళ్ళాలో సభ్యులు గానీ అధికారులు గానీ నిర్ణయించవద్దు. అర్హులందరి పేర్లూ చీటీలు వేసి బహిరంగంగా తీయండి. బదులుగా, పారితోషికం తీసుకున్న ప్రతి బృందం ఒక ప్రదర్శన టికెట్ లేకుండా, తమ గదికి దగ్గరలో ఉన్న వీధివాళ్ళ కోసం వేస్తుంది. టికెట్ కొనలేనివాళ్ళకి కూడా ఆ డబ్బులో వాటా ఉంది, అది వాళ్ళకి అందాలి. ఏడాది చివర ఎన్ని గంటలు గదులు వాడామో, ఎంతమంది వచ్చారో లెక్క మేమే తెచ్చి ఇస్తాం."

గుంతలరోడ్డు గారూ, "నేనెందుకు కట్టాలి" అన్నారు కదా, ఆ చివరి భాగం మీకోసమే రాసింది.

గుంతలరోడ్డు

చూశాను. మా వీధిలో వేస్తే వస్తాను, బాగోకపోతే మధ్యలో లేచిపోతాను.

పద్దులపుస్తకం

చదివి చూసుకోండి, మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. మిగిలిన సమయం ప్రశ్నకి ఉంచుకోండి. ఒక్క సవరణ: "ఎవరికైనా సరే" తీసేసి "నమోదైన ఏ బృందానికైనా" అనండి, లేకపోతే భద్రత ఎవరు చూస్తారని అక్కడే పట్టుకుంటారు. నమోదు ఉచితంగా ఉండాలని కాగితంలో రాయండి. కాపీలు అందరు సభ్యులకీ సరిపడా తీసుకెళ్ళండి, ఒకటి ఇన్‌వార్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట, ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర పడని కాగితం వచ్చినట్టు లెక్క కాదు.

ఆశాజీవి

మాట్లాడటానికి పేర్లు ఇంకా తీసుకుంటున్నారా? మా సంగీతం క్లాసు తల్లిదండ్రులు ముగ్గురు వస్తామంటున్నారు.

తెరవెనుక

శుక్రవారం దాకా తీసుకుంటారు. కానీ ముగ్గురూ ఇదే చదవొద్దని చెప్పండి. ఒకరు గదుల సంగతి, ఒకరు పిల్లల సంగతి, అలా పంచుకుంటే మంచిది.

గుంతలరోడ్డు

నేనూ పేరిచ్చాను, మా కాలవ గురించి. లిస్టులో మీ తర్వాత నేనే. మీరు టైము మించితే నేనే గంట కొట్టిస్తాను.